ఇసుక మీద నాట్లు: ఒక ఆల్బమ్ రికార్డింగ్

2023 మొదటి నెలలు. దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక టైలరింగ్ షాపు పైన, రెండు గదుల్లో నా రికార్డింగ్ స్టూడియో ఉండేది. ఒక గదిలో పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు. అద్దానికి ఇవతల గదిలో నేను. మైక్ ఆన్ చేస్తే ఏసీ ఆపాలి, లేకపోతే దాని హోరు పాటలోకి వచ్చేస్తుంది. అందుకని పెద్ద పనులన్నీ చలికాలానికే పెట్టుకునేదాన్ని.

ఆ చలికాలమంతా కిరణ్ గారి ఆల్బమ్‌తోనే గడిచింది. ఆయనది గుంటూరు. ఇక్కడ ఒక కంపెనీలో డిజైన్ ఇంజనీరు, కాలేజీ రోజుల నుంచీ గిటారిస్టు. ఆయన చేస్తున్నది ప్రోగ్రెసివ్ ఫోక్ రాక్. అంటే ఒక పల్లె పాటను తీసుకుని, దాని చుట్టూ గిటార్లు, డ్రమ్స్ పేర్చుకుంటూ, మధ్యలో తాళం మార్చుకుంటూ, కథలా పెంచుకుంటూ పోవడం. పాడేది లక్ష్మణ్. జగిత్యాల వైపు మనిషి, భవన నిర్మాణ సైట్‌లో ఫోర్‌మన్, కంపెనీ లేబర్ క్యాంపులో ఉండేవాడు. ఒక ఉగాది కార్యక్రమంలో అతను వాళ్ళమ్మ పాడే నాట్ల పాట పాడితే, స్టేజీ దిగుతుండగానే కిరణ్ గారు చేయి పట్టుకుని ఫోన్ నంబరు తీసుకున్నారట. అప్పటి నుంచి సెలవు రోజు శుక్రవారం వస్తే ఇద్దరూ నా స్టూడియోలోనే. మధ్యాహ్నం నమాజు వేళ మైకులు ఆపేసి, కింద కేరళ హోటల్ నుంచి పరోటాలు తెప్పించుకుని తినేవాళ్ళం. ఆ గదిలో కూర వాసన సాయంత్రం దాకా పోయేది కాదు.

పాటలన్నీ అయ్యాయి. ఆల్బమ్‌కి పేరిచ్చిన చివరి పాట ‘ఇసుక మీద నాట్లు’ ఒక్కటే మిగిలింది. అప్పుడు కిరణ్ గారి ఎడమ చేతిలో ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారాయి. మోచేతి దగ్గర నరం నలుగుతోందని, ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పారు. ఆ తర్వాత నెలల తరబడి గిటార్ ముట్టకూడదు, స్పర్శ ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేమన్నారు. సరిగ్గా ఆ వారమే లక్ష్మణ్ పనిచేసే ప్రాజెక్టు ముగిసింది. కంపెనీ టికెట్ చేతిలో పెట్టింది.

“మళ్ళీ వస్తావు కదా?” అని అడిగాను.

“రానక్కా. పిల్లలు పెద్దగైన్రు. నన్ను ఫోన్ల ఉండే మనిషనుకుంటున్రు.”

నేనొక దారి చూపించాను. అంతకుముందు ఏడాది కిరణ్ గారు ప్రయోగంగా చేసుకున్న రికార్డింగుల్లోంచి గిటార్ ముక్కలు కోసి, లక్ష్మణ్ అప్పుడే పాడిన గొంతు కింద అతికించాను. ఎక్కడా అతుకు తెలియలేదు. కిరణ్ గారు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

“బాగుంది సునీతగారూ. కానీ ఇందులో నేను లేను. ఇతను ఇప్పుడు వెళ్ళిపోతూ పాడుతున్నాడు. నేనేమో పోయిన ఏడాదిలో కూర్చుని వాయిస్తున్నాను.”

లక్ష్మణ్ అందుకున్నాడు. “పని జేసే వేళ్ళు ఎన్నున్నయో గన్నితోనే వాయించుండ్రి సార్. నేను నిమ్మళంగ పాడ్త. ఉరుకుడేముంది?”

“మధ్యలో వేగం అందుకోవాలయ్యా. దాని ప్రాణమే అది.”

“మా అమ్మ పాడినప్పుడు ఎన్నడు ఉరకలే సార్. నడుం నొస్తుంటె ఎట్ల ఉరుకుతది?”

కిరణ్ గారు నవ్వలేదు. గిటార్ తీగలు ఒక్కొక్కటే వదులు చేయడం మొదలుపెట్టారు. దాన్ని ఓపెన్ ట్యూనింగ్ అంటారు. వేళ్ళు నొక్కకుండానే తీగలన్నీ కలిసి ఒక స్వరసమూహంగా మోగేలా శ్రుతి చేసుకోవడం. మిగిలిన రెండు వేళ్ళతో దాని మీద రాగం వెతుక్కున్నారు.

మామూలుగా గిటార్ వేరుగా, గొంతు వేరుగా రికార్డ్ చేస్తాం. ఈసారి కిరణ్ గారు తమ ఇద్దరినీ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టమన్నారు. అలా చేస్తే ఒకరి మైక్‌లోకి ఇంకొకరి శబ్దం జారుతుంది. దాన్ని బ్లీడ్ అంటాం. తర్వాత ఎవరి తప్పునూ విడిగా దిద్దలేం. ఆ మాటే చెప్పాను. “దిద్దొద్దండీ” అన్నారాయన.

మొదట్లో తీగ జరజరమంది. ఇంకోసారి వేలు జారింది. కిరణ్ గారు గిటార్ పక్కన పెట్టి, ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని తల దించుకున్నారు. లక్ష్మణ్ వెళ్ళి పాలు లేని సులేమానీ చాయ్ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. “యల్లా, కానియ్యుండ్రి సార్, తాగుండ్రి. విమానం ఇయ్యాల లేదు గద.”

ఆ తర్వాత మొదలుపెట్టిన టేక్ సాఫీగా సాగింది. చివరి చరణంలో, ఇంటి గడప చూసే మాట దగ్గర, లక్ష్మణ్ గొంతు ఆగిపోయింది. నా చేయి స్టాప్ బటన్ మీదికి వెళ్ళింది. అద్దంలోంచి చూస్తే కిరణ్ గారు ఆపలేదు. లక్ష్మణ్ ముఖం మీదే చూపు నిలిపి, అదే వరసను తిప్పి తిప్పి వాయిస్తున్నారు, గుమ్మం దగ్గర ఒకరి కోసం నిలబడినట్టు. కాసేపటికి ఒక పెద్ద ఊపిరి వినిపించింది. ఆ వెనకే ఆఖరి పాదం.

“ఖరాబైందా అక్కా? మల్ల జేద్దామా?”

నేను జవాబు చెప్పేలోగానే కిరణ్ గారు అన్నారు. “వద్దు లక్ష్మణ్. అయిపోయింది.”

లక్ష్మణ్ వెళ్ళిపోయాడు. కిరణ్ గారికి ఆపరేషన్ అయింది. ఉంగరం వేలు కుదుటపడింది కానీ చిటికెన వేలు పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడాయన వేగంగా వాయించరు. పాటల శబ్దాన్ని చివరిసారి సరిచూసే మాస్టరింగ్ ఇంజనీరు, చివరి పాటలో ఆ ఖాళీని కత్తిరించమంటారా అని చెన్నై నుంచి అడిగారు. అక్కడ ఒక మనిషి ఊపిరి తీసుకుంటున్నాడు, ఉండనివ్వండి అని రాశాను.

ఆల్బమ్ ఆన్‌లైన్‌లోకి వచ్చాక లక్ష్మణ్ ఫోన్ చేశాడు. “అమ్మ ఇన్నదక్కా. ‘దుబాయ్ల గూడ నాట్లేస్తరార’ అనడిగింది. ఆమెకు గల్ఫంత దుబాయే. మల్ల ఒక్కసారి పెట్టుమన్నది.”

నా పనంటే తప్పుల్ని తుడిచేయడమేనని అన్నేళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు టేక్ మధ్యలో ఎవరైనా ఆగిపోతే నా చేయి వెంటనే స్టాప్ మీదికి పోదు. పక్కన వాయిస్తున్న మనిషి ఏం చేస్తాడో చూస్తాను.