పిన్ని చూడని వికెట్

మా బాబాయి దేశం తరఫున ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. స్పిన్నర్. ఒక వికెట్ తీశాడు, అంతలో వాన పట్టుకుంది, ఆట ఆగిపోయింది. మళ్లీ పిలుపు రాలేదు. మా హాల్లో మాత్రం ఆ వికెట్ ఏళ్ల తరబడి పడుతూనే ఉండేది. సోఫాలో దిండు బ్యాట్స్‌మన్, తలుపు వికెట్లు. వచ్చినవాళ్ల టీ చల్లారిపోయేదాకా చెప్పిగానీ వదిలేవాడు కాదు. ఎన్నిసార్లు విన్నా మాకు విసుగనిపించేది కాదు. ఇప్పుడా హాలు తలచుకుంటే బెంగగా ఉంటుంది.

ఆ మ్యాచ్‌కి పిన్ని కూడా వెళ్లింది. వెళ్లి ఏం లాభం? బాబాయి బంతి పట్టుకుని కదిలితే చాలు, కళ్లు గట్టిగా మూసుకునేది. పెళ్లయిన కొత్తలో ఆమె చూసిన మొదటి బంతినే ఎవడో సిక్సర్ కొట్టాడట. తన చూపు పడితే బంతి పాడవుతుందని అప్పుడే తేల్చేసుకుంది. ఆ రోజు కూడా జనం అరిచాకే కళ్లు తెరిచింది. స్టేడియమంతా చూసిన వికెట్ ఆమె ఒక్కతే చూడలేదు. బాబాయికి జీవితంలో అదొక్కటే వెలితి. ఎవరికి కథ చెబుతున్నా, చివర్లో వంటింటి వైపు ఓ చూపు చూసేవాడు.

బట్టల మిల్లులో సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాక భుజం మొరాయించింది. ఆపరేషన్ తప్పదని, ఆ తర్వాత చెయ్యి తల పైకి లేవదని డాక్టర్ చెప్పేశాడు. ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు సాయంత్రం బాబాయి నా చేతికి బ్యాటిచ్చి మేడ మీద నిలబెట్టాడు. పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఈ ఒక్క బంతి చూడు. తర్వాత వేద్దామన్నా వేయలేను."

"పాడైతే నన్ననకూడదు మరి," అంది పిన్ని.

బంతి గాల్లో తేలుతూ వచ్చి, నేల తాకి గిర్రున తిరిగి, నా బ్యాటు పక్కనుంచి వెళ్లి నీళ్ల ట్యాంకుకు తగిలింది. పెద్దాయన కదా అని నేను వదిలేయలేదు, నిజంగానే ఆడలేకపోయాను.

బాబాయి భుజం పట్టుకుని పిన్ని ముఖంలోకే చూస్తున్నాడు. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమెకి కోపమొచ్చింది.

"ఇంత బాగా వేసేవారా మీరు? మరి ఒక్కసారి ఆడించి ఇంటికి పంపేశారేం వాళ్లు?"

బాబాయి వాన సంగతి చెప్పబోయి ఆగిపోయాడు. మెట్ల మీద కూలబడి ఏడ్చేశాడు. అయ్యో అన్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఇన్నేళ్లలో ఆయన తరఫున కోప్పడిన మనిషి ఒక్కరూ లేరు.