వదిన పాట కట్టుకున్న పదో తరగతి

మా పక్కింటి వదిన పోయిందన్న సంగతి నాకు బళ్లో తెలిసింది. తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతున్నాను. ఆయా వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "టీచరమ్మా, మీ పక్కింటామె ఆఫీసులో పడిపోనాదట. శ్రీకాకుళం తీసుకెల్లేలోగానే అయిపోనాదట" అంది. బోర్డు మీద వాక్యం సగంలో ఉంది. దాన్ని పూర్తి చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ తెలీదు. పిల్లలు బుద్ధిగా నోట్సులో ఎక్కించుకున్నారు కూడా. ఆ తర్వాత సుద్దముక్క చేతిలో ఉండగానే ఆటో ఎక్కాను.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసి ఉండదు. నరసన్నపేటలో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. ఫైళ్లు మోసేది, టీలు తెచ్చేది, సాయంత్రం తాళాలు వేసేది. అలాంటివాళ్ల గురించి ఎవరూ రాయరు గనక నేను రాస్తున్నాను. కొంచెం కోపంగానే రాస్తున్నాను. ఎవరి మీద కోపమో అడక్కండి, నాకే తెలీదు.

మాది ఒకే వాకిలి, రెండు వాటాలు. వదిన భర్త ఆ ఆఫీసులోనే పనిచేస్తూ జబ్బుచేసి పోయాడు. పిల్లల్లేరు. మిగిలింది వదినా, ఆవిడ అత్తా. అత్తకి చూపు దాదాపు పోయింది, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. భర్త పోయాడు కాబట్టి భార్యకి ఉద్యోగం ఇస్తామన్నారు. కానీ పదో తరగతి పాసై ఉండాలన్నారు. వదిన ఎనిమిదితో మానేసింది. సరే, చదువుకొమ్మని గడువిచ్చారు. గడువు దాటితే ఫైలు మూసేస్తామని కూడా చెప్పారు.

కొత్తవలసలో వదిన అన్నయ్య ఉండేవాడు. చెడ్డవాడు కాదు. వచ్చినప్పుడల్లా చెల్లెలి చెయ్యి పట్టుకుని, "ఆ పరీచ్చలు అవీ నీకేల? మా ఇంటికొచ్చీ. నువ్వొక్కదానివి మాకు బరువేటి?" అనేవాడు. ఒక్కదానివి అనే మాటలోనే ఉంది అసలు సంగతి. ముసలమ్మకి అక్కడ చోటు లేదు. ముసలమ్మకి వేరే దిక్కూ లేదు. ఆవిడ అక్కడే అరుగు మీద కూర్చుని అంతా వినేది, విని ఆవులించేది. అన్నయ్య బస్సెక్కాక వదిన నా దగ్గరికి వచ్చి, "ఏటే మరదలా, నాను ఫెయిలైపోతే ఈ ముసిల్దాన్ని ఏ గట్టు మీద దించీమంటావు?" అంది. ఆవిడ కళ్లలో ఆ రోజు చూసిన భయం నేను మళ్లీ ఎవరి కళ్లలోనూ చూడలేదు.

అలా మొదలైంది మా చదువు. ఓపెన్ స్కూల్లో కట్టించాను. లెక్కలు వదిలేసి గృహవిజ్ఞానం తీసుకోవచ్చని తెలిసి ఇద్దరం దేవుడికి దండం పెట్టుకున్నాం. తెలుగు, ఇంగ్లీషు, సైన్సు, సోషల్ మాత్రం తప్పవు. నేను బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేసరికి వదిన వాకిట్లో పూలబుట్ట ముందేసుకుని ఉండేది. బజార్లో పూలకొట్టుకి దండలు కట్టి ఇచ్చేది. అత్త పూలు జతలు పేర్చి అందించేది, వేళ్లతో తడిమి మొగ్గేదో విరిసిందేదో చెప్పేసేది. నేను పుస్తకం పట్టుకుని చదవాలి, వదిన వినాలి.

వింటుంది సరే, నిలవదే! పుస్తకం చూసి చదివితే ఒక్క ముక్క ఎక్కేది కాదు. వదిన పుట్టింటివాళ్లు గుళ్లో సన్నాయి వాయించే కుటుంబం. ఆ ఇంట్లో ఏ విద్యైనా చెవిలోంచే లోపలికి వెళ్లాలి కాబోలు. ఒకనాడు జీర్ణవ్యవస్థ చదువుతుంటే వదిన పూలు కడుతూ కూనిరాగం తీసింది. చూస్తే నోరు, అన్నవాహిక, జీర్ణాశయం అన్నీ వరసగా మంగళహారతి బాణీలో నడుస్తున్నాయి. చివర శుభమంగళం తల్లీ అని పల్లవి. నేను తెల్లబోయి చూశాను. "ఉండుండు, పేగులు ఇంకా ఉన్నాయి కదేటి, సదువు" అంది.

ఆ తర్వాత ఇక ఆగలేదు. పేగుల వెనకే ఊపిరితిత్తులు, గుండె కూడా అదే హారతిలో చేరాయి. ఉప్పు సత్యాగ్రహం దంపుళ్ల పాటలో కుదిరింది. ఆమ్లాలూ క్షారాలూ పెళ్లిలో వియ్యపురాళ్లని దెప్పే పాటగా తయారయ్యాయి. ఫ్రెంచి విప్లవానికి ఏ బాణీ దొరక్క జోలపాట కట్టింది. రాజు తల తెగిన చోట ఆ లాలి విని నేను నవ్వలేక చచ్చాను. ముసలమ్మ మాత్రం, "పాపం, ఎవులి బిడ్డో" అని నిట్టూర్చింది.

సోషల్‌తో ఇంకో చిక్కు వచ్చింది. రాష్ట్రం విడిపోయిన కొత్త. పుస్తకంలో మ్యాపు ఒకటి, టీవీలో మ్యాపు ఇంకొకటి. పరీక్షలో ఏది గియ్యాలో నాకే సరిగ్గా తెలీదు. "నువ్వు టీచరువి. నీకే తెలీకపోతే నానెవులినడగాల?" అని వదిన, "మన ఊరు ఏ మ్యాపులో ఉన్నాదో అది గియ్యే" అని ముసలమ్మ. రెండిట్లోనూ ఉందని చెబితే ఆవిడకి నచ్చలేదు.

ఇంగ్లీషుకి మాత్రం పాట అక్కర్లేకపోయింది. భర్త పింఛను కోసం, సర్టిఫికెట్ల కోసం ఎవరెవరి చేతో రాయించుకున్న అర్జీలు మోసి మోసి, రెస్పెక్టెడ్ సర్ నుంచి యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ దాకా ఆవిడకి నోటికొచ్చేసింది. "సదువు ముందు నోటికొచ్చీయాల, బుర్రలోకి నెమ్మదిగా అదే దిగుతాది" అనేది. నేను ఇన్నేళ్లుగా పిల్లలకి దీనికి సరిగ్గా తిరగేసి చెబుతున్నాను. ఎవరిది రైటో తేల్చుకునే ఓపిక ఇప్పుడు లేదు.

పరీక్షలు వచ్చాయి. సైన్సు పరీక్ష నాడు బస్టాండులో దిగిన వదిన మొహం చూడగానే చేతిలో సంచీ అందుకున్నాను. ఇంటికొచ్చి వాకిట్లో కూలబడి అప్పుడు చెప్పింది. "ప్రశ్న గుండె మీదొచ్చిందే. నాకు నడిమిన ఎత్తుకోడం రాదు కదేటి. నోటికాడ మొదలెట్టీసినాను. పేగులన్నీ తిరిగి గుండెకాడికొచ్చేసరికి గంట కొట్టీసినారు." లోపల పాడుకుంటూ పెదాలు కదిపిందట. పక్కవాళ్లకి జవాబులు అందిస్తోందనుకుని ఇన్విజిలేటరు లేపి వరండాలో కూర్చోబెట్టాడట. "ఇంకో మాటే. లైను లైనుకీ శుభమంగళం తల్లీ అని రాసీసినానే" అంది.

నవ్వు ఆపుకోలేకపోయాను. వదినా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి దిగిందో తెలీలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, లోపల ముసలమ్మకి వినపడకుండా ఏడ్చింది. సైన్సు, సోషల్ రెండూ పోయాయి.

గడువు లోపల ఇంకొక్క పరీక్షే ఉంది. వదిన అన్నం ముందు కూర్చుని పాడేది, నీళ్లు తోడుతూ పాడేది. మధ్యలో ఎక్కడ ఆపి అడిగినా మళ్లీ మొదటికి పరిగెత్తేది. నేను అరిచేదాన్ని. పుస్తకం విసిరికొట్టేదాన్ని. ఒకరోజు వదిన ఆ పుస్తకంతోనే తన తల మీద కొట్టుకుంటూ, "మట్టే, ఇందులో ఉన్నాదంతా మట్టే" అని నేల మీద పడుకుండిపోయింది. ఆ మధ్యాహ్నమే అన్నయ్య వచ్చి వెళ్లాడు. ఈసారి సామాన్లకి వ్యాను కూడా మాట్లాడతానన్నాడు.

ముసలమ్మ ఊరుకోలేదు. పూలబుట్ట దగ్గర్నుంచి గయ్యిమంది. "గిరాకీ వచ్చి రెండు మూరలడిగితే బుట్టంతా కుమ్మరిత్తావేటే? ఎంతడిగితే అంతే కోసియ్యి. పొడుగు దండ నీకాడే ఉంచుకో."

వదిన లేచి కూర్చుంది. ఆ సాయంత్రం నుంచి పాటని కోయడం మొదలుపెట్టాం. నేను ఎక్కడో నడిమిన అడుగుతాను. వదిన మొదటికి పోయిందా, ముసలమ్మ విసనకర్రతో నేల మీద కొట్టేది. "మూర!" అని అరిచేది. పెదాలు కదిలాయేమో నేను చూడాలి, పల్లవి వచ్చిందేమో ముసలమ్మ వినాలి. ముగ్గురం ఒకే పరీక్షకి కూర్చున్నట్టుండేది. నాకు నమ్మకం లేదు, వదినకి అంతకన్నా లేదు. అయినా మానలేదు. మానేస్తే ఆ తర్వాత ఏం మాట్లాడుకోవాలో మాకు తెలీదు.

ఫలితాలు నెట్ సెంటర్లో చూశాం. పేజీ తిరిగి తిరిగి తెరుచుకుంది. అత్తెసరు మార్కులే, కానీ రెండూ పాస్. వదిన ఆ కుర్చీలోంచి లేవదు. నెట్ సెంటరతన్ని ఇంకోసారి చదవమంది. చదివాక ఇంకోసారి చదవమంది. తర్వాత నన్ను బజార్లోనే వదిలేసి ఇంటికి దాదాపు పరిగెత్తింది. నేను వెళ్లేసరికి గుమ్మంలోనే నిలబడి, "అత్తా, మనం ఎక్కడికీ ఎల్లం" అంటోంది. ముసలమ్మ ఏమంది? "పూలు ఎండిపోతన్నాయి, ముందు కట్టు" అంది.

ఆ ఉద్యోగంలో వదిన కొన్నేళ్లు బతికింది. బతికింది అనే అంటాను, చేసింది అనను. ఆఫీసు గోడల మీద అంటించిన ప్రతి కాగితమూ ఆగి చదివేది. ఇంటికొచ్చి ముసలమ్మకి చెప్పేది. నా పదో తరగతి ఆడపిల్లలు పరీక్షల ముందు ఏడుస్తూ వస్తే వాళ్లని తన వాటాలోకి లాక్కెళ్లి, "ఏడుపు తర్వాత ఏడుద్దురు గానీ, ఏది రాదో ముందు సెప్పండి" అనేది. కాసేపటికి లోపల్నుంచి మూత్రపిండాల నిర్మాణం కోలాటం దరువుతో వినిపించేది. ఆవిడకి నేను చెప్పింది ఐదు సబ్జెక్టులు. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నదానికి సిలబస్ లేదు. మీకు కృతజ్ఞతలు వదినా అని ఏనాడూ అనలేదు, మనలో ఎవరం అంటాం గనక?

పదకొండో రోజు అయిపోయింది. అన్నయ్య అన్నీ దగ్గరుండి చేయించాడు. చెల్లెలి కోసం మనస్ఫూర్తిగానే ఏడ్చాడు. వెళ్లేటప్పుడు ముసలమ్మకి దండం పెట్టి, తల దించుకుని ఆటో ఎక్కేశాడు. ఇంటాయన వాటా ఖాళీ చేయించాలంటున్నాడు. ముసలమ్మని మా వాటాలోకి తెచ్చుకున్నాను. మా ఇల్లూ ఇరుకే. మా ఆయన ఏమీ అనలేదు. ఎన్నాళ్లని ఒక్కసారి అడిగాడు, అంతే. ముసలమ్మకి చెవులు బాగా పనిచేస్తాయి.

నిన్న నేను బడి నుంచి వచ్చేసరికి ఆవిడ గోడకి చేరబడి కూర్చుని ఉంది. "ఇలా కూకో టీచరమ్మా" అంది. కూర్చున్నాను.

"కొడుకు పోతే ఆ ఉజ్జోగం కోడలికిచ్చినారు. కోడలు పోతే అత్తకిత్తారు గావాల?"

వయసు సంగతి ఎత్తడానికి నోరాడక, "దానికి పదో తరగతి ఉండాలి కదమ్మా" అన్నాను.

"ఉండాల మరి. దానికి సెప్పినట్టే నాకూ సెప్పు. కళ్లు లేవు గానీ సెవులున్నాయి. నానెవులికీ బరువవ్వను."

నేను లేచి సంచీలోంచి సైన్సు పుస్తకం తీశాను. మొదటి పాఠం దగ్గర తెరిచి ఊరికే కూర్చుండిపోయాను. ముసలమ్మ చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని ముందుకి వంగింది.

"బేగి సదువమ్మా. ఈసారి గడువెంతిత్తారో ఏటో."