బిడ్డ రాకముందే వచ్చిన పాలు

పెళ్లయిన ఏడో ఏట నాకు పాలొచ్చాయి. బిడ్డ లేదు.

ఆదివారం చర్చికి వెళ్లడానికి చీర కట్టుకుంటుంటే రవిక ముందు భాగం తడిగా తగిలింది. ఒళ్లు సరిగా తుడుచుకోలేదనుకుని వేరే రవిక వేసుకున్నాను. ఆరాధనలో కానుకల వేళకి అదీ తడిసింది. పైట నిండుగా కప్పుకుని కూర్చున్నాను గానీ ఏ చరణం పాడుతున్నామో తెలియలేదు. అప్పటికి మూడు నెలలుగా నెలసరి లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు రెండుసార్లు నెల తప్పిందని ఇంట్లో చెప్పడం, చెప్పిన వారానికే వచ్చేయడం జరిగింది. ఈసారి పాలు కూడా వచ్చాయి కదా, ఇంక సందేహం దేనికి అనుకున్నాను.

మా పుట్టింటి ఊరు కొల్లేటి అంచున. వర్షాకాలం బడికి పడవ మీద వెళ్లాలి. నాకు ఆయాసం ఉండేది, అమ్మకి నీళ్లంటే భయం. అందుకని నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. ఆయన చర్చిలో ఉపదేశి. చదవడం, రాయడం, లెక్కలు బాగానే వచ్చాయి. ఒంటి గురించిన పాఠం మాత్రం మా చదువులో లేదు. పాలు బిడ్డకోసం వస్తాయి, బిడ్డ ఉంటేనే వస్తాయి అన్నంతవరకే నాకు తెలుసు. నాన్నగారు నేర్పినవాటిలో ఇంకొకటుంది. మేలు పొందినవాళ్లు ఆలస్యం చేయకుండా పదిమంది ముందూ చెప్పాలి.

కాబట్టి మరుసటి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. దేవుడు నా మొర విన్నాడని చెప్పాను. ఆడవాళ్ల వైపు నుంచి "స్తోత్రం" అని ఒక్కసారిగా వినిపించింది.

మా చర్చిలో ఒక అలవాటుంది. ఎవరైనా అలా సాక్ష్యం చెబితే స్త్రీల సమాజంవాళ్లు ఇంటికొక పాత చీర ముక్క తెచ్చి, అందరూ కూర్చుని పుట్టబోయే బిడ్డకి బొంత కుడతారు. ఆ బుధవారమే మా ఇంటికొచ్చారు. సమాజానికి పెద్ద ఒక మామ్మగారు. ఆవిడ నోటికి పాస్టరుగారు కూడా జంకేవారు.

"ఏమే, ఏడేళ్లు కూచోబెట్టావు మమ్మల్ని," అన్నారావిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ. "నా కళ్లు పోయాక చెబుదామనుకున్నావా?"

"నయం, మీకింకా దారం కనిపిస్తోందండి," అన్నారు మా అత్తగారు.

"దారం కనిపిస్తోంది. నీ కోడలి పొట్టే కనిపించట్లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రానికి బొంత పూర్తయింది. నా పెళ్లికి అమ్మ కట్టుకున్న ఆకుపచ్చ చీర ముక్క మధ్యలో వచ్చింది.

నెల తర్వాత ఏలూరులో లేడీ డాక్టరుగారికి చూపించుకున్నాం. ఆవిడ పరీక్ష చేయించి కాగితం చూశారు.

"కడుపు కాదమ్మా."

"మరి పాలండి?"

"అదే చూడాలి. తలనొప్పి వస్తుంటుందా?"

పాల గురించి అడిగితే తల గురించి అడుగుతున్నారేమిటా అనుకున్నాను. వస్తుంటుంది, ఎండలో తిరిగితే ఎవరికి రాదు? ఆవిడ రక్తం తీయించి విజయవాడలో హార్మోన్ల డాక్టరుగారికి ఉత్తరం రాసిచ్చారు. అక్కడ నన్నొక గొట్టంలాంటి మిషన్‌లో పడుకోబెట్టి తల లోపల ఫొటోలు తీశారు. టకటకా కొడుతున్న ఆ చప్పుడులో ప్రార్థన చేద్దామంటే దేనికోసం చేయాలో తెలియలేదు. బిడ్డ కోసమా, తల కోసమా?

డాక్టరుగారు ఫొటోని వెలుగులో పెట్టి చూపించారు. మెదడు అడుగున పిట్యూటరీ అని శనగగింజంత గ్రంథి ఉంటుందట. దాని మీద చిన్న గడ్డ లేచిందట. పాలు రమ్మని చెప్పే హార్మోను ఆ గడ్డలోంచి ఎక్కువగా వస్తోందట. అది ఎక్కువైతే నెలసరి ఆగిపోతుంది, కడుపు నిలవదు.

గడ్డ అనగానే నాకు చెవులు మూసుకుపోయాయి. మావారు మాత్రం ముందుకు వంగారు. ఆయన ఆకివీడు దగ్గర చేపపిల్లల హేచరీలో పనిచేసేవారు.

"పిట్యూటరీ మా దగ్గర కూడా ఉందండి," అన్నారు.

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "మీ దగ్గరా?"

"సీసాల్లోనండి. బొచ్చె చేప తల చీల్చి మెదడు కిందనుంచి తెల్లగా చిన్న గింజ తీస్తామండి. అది నూరి తల్లిచేపకి సూదేస్తే తెల్లారేసరికి గుడ్లు పెట్టేస్తుంది. అదేనాండి ఇది?"

"అదే," అన్నారు డాక్టరుగారు. ఆయన మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "చేపకైనా మనిషికైనా చోటు అదే."

"మరి దానివల్ల చేపకి పిల్లలొస్తుంటే, ఈవిడకి రాకుండా పోవడమేంటండి?"

"అందులోంచి వచ్చేది ఒక్క హార్మోను కాదండి, చాలా ఉంటాయి. మీరు చేపకిచ్చేది వేరు, ఈవిడకి ఎక్కువైంది వేరు." క్యాన్సర్ కాదని, కోయనక్కర్లేదని, వారానికి రెండుసార్లు ఒక మాత్ర వేసుకుంటే గడ్డ చిన్నదవుతుందని చెప్పారు. "పాలు ఎండిపోతాయి, నెలసరి వస్తుంది. ఆ తర్వాత బిడ్డ పుట్టే అవకాశం బాగానే ఉంది."

బస్సులో మావారు హనుమాన్ జంక్షన్ దాటాక, "ఇన్నేళ్లూ అన్ని చేపల తలలు చీల్చాను. అది మన తలలో కూడా ఉంటుందనుకోలేదు," అన్నారు.

నాకు మాత్రం కళ్లముందు బొంతే కనిపించింది. లేని బిడ్డకోసం నేను దేవుడికి వందనాలు చెప్పాను. అది అబద్ధ సాక్ష్యమా? మా అత్తగారినడిగితే, "పాలొచ్చాయా లేదా? వచ్చినవాటికి చెప్పావు. అబద్ధమెలా అవుతుంది?" అన్నారు. ఆ మాట ఊరటగానే ఉంది గానీ ఆ పాలు పంపింది దేవుడా, గడ్డా అని మనసులో పీకుతూనే ఉంది. బొంత పట్టుకుని మామ్మగారింటికి వెళ్లాను.

ఆవిడ అంతా విన్నారు. బొంతని ముట్టుకోలేదు.

"ఇప్పుడేం చేయమంటావే? కుట్లిప్పి ఎవరి ముక్క వాళ్లకి పంచమంటావా?"

"నేను తప్పు చెప్పానండి."

"చెబితే చెప్పావు. పట్టుకెళ్లి పెట్టెలో పెట్టుకో. కలరా ఉండలు వెయ్యి, పురుగు పడుతుంది."

ఆదివారం మళ్లీ లేచాను. ఆమధ్య నేను చెప్పింది పొరపాటని, బిడ్డ లేదని, తలలో చిన్న గడ్డ ఉందని, మందు దొరికినందుకు కృతజ్ఞతలని చెప్పి కూర్చున్నాను. ఈసారి ఎవరో "స్తోత్రం" అనబోయి సగంలో ఆపేశారు.

మాత్రలు మొదలుపెట్టిన మూడో వారానికి పాలు ఎండిపోయాయి. డాక్టరుగారు ఫోనులో, "చాలా మంచిదమ్మా," అన్నారు. నేను పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. మంచి జరిగినందుకు ఏడుస్తున్న నన్ను చూసి నాకే సిగ్గేసింది. కాసేపయ్యాక మందుకి వందనాలు చెప్పుకున్నాను, ఏడుపు ఆగకుండానే.

ఆ ఏడాదే, సరస్సుని ఆక్రమించి తవ్వారని కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్లు కొట్టేశారు. చేపపిల్లని కొనేవాళ్లు తగ్గి మావారికి పని సగమైంది. అయినా మాత్ర ఒక్కటి కూడా మానకుండా చూసుకున్నారు. రెండేళ్లు గడిచాయి. నెలలు సక్రమంగా వచ్చాయి. బిడ్డ రాలేదు. మళ్లీ ఫొటో తీస్తే గడ్డ కనిపించలేదు.

అప్పుడు డాక్టరుగారొక కాగితం ఇచ్చారు. రెండేళ్లు మందు వాడి గడ్డ మాయమైనవాళ్లకి మందు ఆపేస్తే ఏమవుతుందని ఆ ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్నారట. ఇష్టమైతే నేనూ చేరవచ్చు. మాత్ర ఆపి, మూడు నెలలకొకసారి రక్తమివ్వాలి.

"ఆపేస్తే తిరగబెడుతుందాండి?" అనడిగాను.

"కొందరికి తిరగబెడుతుంది, కొందరికి లేదు. ఎవరికి ఎందుకన్నది మాకే ఇంకా సరిగా తెలియదమ్మా. తెలుసుకోవాలనే ఇదంతా."

అంత చదివినాయన తెలియదని అంత తేలిగ్గా చెప్పడం నాకు వింతగా అనిపించింది. ఎందుకో ధైర్యంగానూ అనిపించింది. కాగితం తెలుగులోనే ఉంది. మూడుసార్లు చదివాను. నెలసరి ఆగినా పాలు వచ్చినా వెంటనే రావాలి, గడ్డ తిరగబెట్టి ఉండవచ్చు. ఆ కిందనే, గర్భం వచ్చిందనిపించినా వెంటనే తెలపాలి. రెండింటికీ గుర్తులు అవే కదా, ఏది ఏదో నాకెలా తెలుస్తుంది? అది అడగకుండానే సంతకం పెట్టాను. ఈ మాత్ర కూడా, నాకు ముందు ఎవరో ఇలాగే రక్తమిచ్చి పరీక్షకి నిలబడితేనే కదా నాదాకా వచ్చింది. వాళ్లెవరో తెలియదు. వాళ్ల పేరున కూడా ప్రార్థన చేసుకున్నాను.

మొదటిసారి ఇచ్చిన రక్తం బాగానే ఉందన్నారు. తర్వాత రోజూ పొద్దున్నే రవిక తడిమి చూసుకునేదాన్ని. ఒకప్పుడు దేనికి వందనాలు చెప్పానో, అది రాకూడదని ఇప్పుడు వేడుకోవడం. ప్రభువుకి విసుగొచ్చి ఉంటుంది.

అయిదో నెలలో నెలసరి తప్పింది. పదిహేను రోజులు చూశాను. ఒక పొద్దున రవిక మీద రూపాయి బిళ్లంత తడి. మంచం మీద కూర్చుండిపోయాను. బిడ్డనిమ్మని అడగాలా, గడ్డ వద్దని అడగాలా తెలియక, "నీకు తెలుసు కదా," అని మాత్రం అన్నాను.

మావారితో తప్ప ఎవరితోనూ చెప్పకుండా ఏలూరు వెళ్లాం. లేడీ డాక్టరుగారు పరీక్ష చేసి, లోపలికి తీసుకెళ్లి స్కానింగ్ తెర నావైపు తిప్పారు. గింజంతది ఒకటి మినుకుమినుకుమంటోంది.

"ఈసారి కడుపేనమ్మా," అన్నారు.

"ఇది గడ్డ కాదు కదండీ?"

"గడ్డకి గుండె కొట్టుకోదు."

విజయవాడ డాక్టరుగారికి ఫోను చేస్తే మందు ఇప్పుడు అక్కర్లేదన్నారు. గర్భంలో ఆ గ్రంథి కొంచెం ఉబ్బుతుంది కాబట్టి తలనొప్పి ఎక్కువైనా చూపు మసకబారినా ఆగకుండా రమ్మన్నారు. సరేనన్నాను. ఎప్పుడూ వందనాలు చెప్పే నోరు ఆ రోజు మూసుకుపోయింది. చెబితే పోతుందేమోనన్న భయం, చెప్పకపోతే తప్పేమోనన్న భయం, రెండూ ఒకటే బరువున్నాయి. సాక్ష్యాల సమయంలో తల వంచుకుని కూర్చునేదాన్ని.

నాలుగో నెలలో ఒకరోజు పెట్టె తెరిచి బొంత తీశాను. కలరా ఉండల వాసన. ఉతికి, వాకిట్లో తీగ మీద ఆరేశాను. దారినపోతూ మామ్మగారు ఆగారు.

"బొంత ఎండేశావేంటే?"

"వాసనొస్తోందండి."

ఆవిడ తీగదాకా వచ్చి, బొంత అంచు పట్టుకుని దగ్గరగా చూశారు. ఒకచోట కుట్టు ఊడింది.

"కళ్లజోడు తెచ్చుకుంటానుండు," అని, ఇంకేం అడగకుండా ఇంటికి నడిచారు.