పక్క రూంల ఏసిన ఓటు

అరబ్బు దేశంల, హమ్రియాల మా కంపెనీ బిల్డింగు. కింద మెస్సు, పైన రూములు. రెండువేల ఎనిమిదో తొమ్మిదో, యాదికి లేదు, తెలుగోళ్లంత కలిసి ఒక లీడర్‌ను ఎన్నుకోమన్నడు ముదీర్, అంటే మా మేనేజరు. ఎవనికి ఏ బాధ ఉన్నా లీడరే పోయి ఆయనతోని మాట్లాడాలె. మిగిలినోళ్లు ఆఫీసు గడప తొక్కొద్దు.

మా రూంల ఒక కాక ఉండె, జగిత్యాల దిక్కు మనిషి. నడుము పోయింది ఆయనకు. సిమెంటు బస్తా దించినంక గోడకు రెండు చేతులు ఆనిచ్చి నిలబడేటోడు. స్టోర్ల డ్యూటీ ఇయ్యమని ఎవలన్న అడిగితే బతుకుతడు. అడిగే దమ్ము మా మేస్త్రి ఒక్కనికే ఉండె. అరబ్బీ వస్తది, ముదీర్ మొకం మీదనే మాట్లాడుతడు.

మాదొక జట్టు, గోదావరోళ్లది ఒక జట్టు. ముందుగాల ఏ జట్టుకు ఆ జట్టు తమ రూంల ఓట్లేసుకొని ఒకన్ని నిలబెట్టాలె, తర్వాత ఆ ఇద్దరిట్ల ఒకన్ని అందరు కలిసి గెలిపియ్యాలె. ఇంతే ముచ్చట. దీనికి సుత రూవి నుంచి తెలుగు సంఘం పెద్దమనిషి దిగిండు, శుక్రవారం పూట, ఆ ఎండల టై కట్టుకొని.

"జట్లూ గిట్లూ వద్దు బాబూ, ఐకమత్యం ముఖ్యం. ఎవరైనా ఏ రూమ్‌కైనా వెళ్లి ఓటెయ్యొచ్చు, కాకపోతే మనిషికి ఒక్క ఓటే" అన్నడు. దాన్ని సంస్కరణ అన్నడు. చాయ తాగిండు, ఫోటో దిగిండు, పోయిండు. జన్మల బస్తా ముట్టని మనిషి.

మేమేమన్న తక్కువ తిన్నమా? మన దిక్కు మేస్త్రి ఎట్లయినా గెలుస్తడు, ఈడ మన ఓట్లు దండుగ, పోయి వాళ్ల దిక్కు ఒక సన్నాసిని నిలబెడితే ఆఖర్ల మేస్త్రికి అడ్డుండదు అని చెప్పింది నేనే. ఆరుగురం పోయినం. ఎవడేమన్నా "సరే సార్" అనేటోడొకడుండె, వానికి ఏసి నవ్వుకుంట వచ్చినం. వచ్చేవరకు మా రూంల గోదావరోళ్లు లైను కట్టి ఉన్నరు. వాళ్లకు సుత గదే తెలివి. ఫోర్‌మన్ ఎనుక చాయ మోసుకుంట తిరిగేటోన్ని మా దిక్కు నిలబెట్టి పోయిన్రు. మేస్త్రి రెండు ఓట్ల తేడాతోని ఓడిండు.

ఇగ ఇద్దరు సన్నాసుల నడుమ ఎన్నిక. దానికి చీటీలు, డబ్బా, లెక్కబెట్టెతందుకు ఇద్దరు పెద్దమనుషులు. థూ, సిగ్గు లేని బతుకులు మావి. "సరే సార్" గెలిచిండు. కాక సంగతి అడగనీకి పోయిండు. ముదీర్ "బుక్రా" అన్నడట, రేపు సూద్దామని. సరే సార్ అని వచ్చిండు. ఆ రేపు మళ్ల రాలే.

అటెనుక శనివారం పొద్దుగాల సైటు బస్సు కాడ కాక నా పక్కకు వచ్చి నిలబడ్డడు.

"మేస్త్రికి గంత తక్కువ పడ్డయేందిరా కొడుకా? నువ్వు ఏసినవ్ గదా?"

"ఏసిన కాకా" అన్న.

"నువ్వన్న ఏసినవ్, గది చాలు" అనుకుంట నా భుజం పట్టుకొని బస్సెక్కిండు.