వెచ్చగా ఉండాల్సిన పెట్టె

నా గొంతు పోయిందని మొదట అన్నది మా తోటికోడలు. శనివారం భజన అయ్యాక తాళాలు గుడ్డలో చుడుతూ, నా మొహం చూడకుండా అంది. మా వైపు అప్ప అంటే అక్క.

"అప్పా, మైకులో గరగరమంటన్నాది. వయసైపోనాది కదా. నవమికి పాట నేనెత్తుతాను, నువ్వు వంతకుండు."

మా రామాలయంలో ఆడవాళ్ల భజనకి పాట ఎత్తేది మా అత్తగారు. ఆవిడ తర్వాత నేను. చెవితో పట్టిన పాటలనే, యాభై దాటి అక్షరాలు నేర్చుకున్నాక, కళ్లతో చదివి మళ్లీ నేర్చుకున్నాను. ష వేరు, స వేరు అని అప్పుడే తెలిసింది. ఆ చోటు వదలాలంటే గొంతు పోయిందని నాకే నమ్మకం కుదరాలి. కుదరలేదు.

ఇంట్లో పాడి చూసుకుంటే బాగానే ఉంది. గుళ్లో మాత్రం ప్రతి 'స' కాగిన నూనెలో ఆవగింజలా చిటపటలాడింది. అదీ మెల్లగా పాడినచోటే. గొంతెత్తితే గరగర తగ్గిపోయేది. గొంతు చెడితే పై స్థాయిలో కదా ముందు బొంగురు పోవాలి? ఇది తలకిందులుగా ఉంది.

ముందు తోటికోడలినే అనుమానించాను. ఈమధ్య ఆంప్లిఫైయర్ పెట్టె పక్కనే కూర్చుంటోంది. ఎవరూ చూడకుండా బొత్తాం బొత్తానికీ, దాని చోటికీ కలిపి కుంకుమ గీత పెట్టాను. మరుసటి శనివారానికి ఒక్క గీతా చెదరలేదు. గరగర మాత్రం అలాగే ఉంది.

అప్పుడు మెకానిక్ మీదికి పోయింది మనసు. మాఘమాసంలో వైరు ఊడిందని పెట్టెని గజపతినగరం పంపాం. లోపలి మంచి సామాను తీసి చవకది పెట్టాడేమో! పెట్టెనీ మైకునీ ఆటోలో వేసుకుని బయల్దేరాను. తోటికోడలు "నేనూ వస్తాను" అని ఎక్కి కూర్చుంది. ఎందుకొస్తోందో అడగలేదు, గుర్తుంచుకున్నాను.

మెకానిక్ పెట్టెకి కరెంటు పెట్టి, కాసేపాగి దాని మీద చెయ్యి వేశాడు. "దీనికేటి, మంచులా ఉన్నాది. నీ గొంతు సూపించుకో, పిన్నీ."

"నువ్వు మాట్లాడు ముందు, మైకులో."

"హలో, హలో!" అని అరిచాడు. ఖంగున మోగింది.

"అలాక్కాదు. పెళ్లానికి సెవిలో సెప్పినట్టు సెప్పు."

సిగ్గుపడుతూనే మెల్లగా ఏదో అన్నాడు. గరగర.

"నీకూ వయసైపోనాదా నాయినా?"

అతను మరలు విప్పాడు. లోపల ట్రాన్సిస్టర్లనే రెండు బిళ్లలు చూపించాడు. "శబ్దం అలలా ఊగుతాది. అల ఎక్కినప్పుడు ఇది మోస్తాది, దిగినప్పుడు అది. ఇది వదిలీసాక అది నిద్రలేస్తే మధ్యలో తెగిపోతాది. పెద్ద శబ్దంలో ఆ తెగు తెలీదు, సిన్న శబ్దంలో అదే గరగర. అందుకే ఊరికే ఉన్నప్పుడు కూడా రెండింట్లోనూ కాస్త కరెంటు పారతా ఉండాల. పెట్టె గోరువెచ్చగా ఉండాల."

నాకు తెలిసిన సంగతే. నేను పాదం ముగించకముందే వంతవాళ్లు కిందినించి అందుకోవాలి. ఆపాక అందుకుంటే పాట చిరిగినట్టుందని అత్తగారు తిట్టేది.

"మరి ఎందుకు సల్లారింది?"

"మీవోళ్లే కదా, కాలిపోతన్నాది, తగ్గించమన్నారు. తగ్గించీసాను." అతని చూపు తోటికోడలి వైపు పోయింది.

నిజమే, ఎవరూ పాడకపోయినా పెట్టె వెచ్చబడుతోందని మా ఆడవాళ్లంతా భయపడేవారు. ఎండాకాలంలో పూరిళ్లు తగలబడడం చూసినవాళ్లం, ఏ వేడినీ నమ్మం.

మీటరు పెట్టి చిన్న స్క్రూ కాస్త తిప్పాడు. పెట్టె వేడెక్కేదాకా ఆగి, మళ్లీ చూసి సరిచేశాడు. "ఇంకా తిప్పితే నిజంగానే కాలిపోతాది" అన్నాడు. మైకు దగ్గరికి లాక్కుని, మెల్లగా ఒక పాదం పాడాను. ష, స విడివిడిగా వచ్చాయి. మధ్యలో పీల్చిన ఊపిరి కూడా వినిపించింది. ఏదీ చెవిలో గుచ్చుకోలేదు.

తిరిగొస్తుంటే ఆటోలో అడిగాను. "నువ్వేనా సెప్పింది?"

"నేనే. గుడి అంటుకుంటాదని భయమేసింది, అప్పా."

"మరి గొంతు పోనాదన్నావు?"

"పోనాదనే అనుకున్నాను."

"నవమి పాటలన్నీ ఎప్పుడు నేర్సుకున్నావు?"

ఆమె ఊరొచ్చేదాకా పొలాలకేసి చూస్తూ కూర్చుంది.

నవమికి పాట నేనే ఎత్తాను. ఆమె వంత అందుకుంది, సరిగ్గా నేను ఆపబోయే ముందు, తెగకుండా. ఆ రోజునించి పెట్టె నా పక్కనే ఉంటోంది. పాట మొదలెట్టే ముందు దాని వీపు మీద అరచెయ్యి ఆనించి, వెచ్చగా ఉందో లేదో చూస్తాను.

మొన్న శనివారం ఆమె చూసింది. "ఏటప్పా, ఇంకా నమ్మకం లేదా?"

"పెట్టె మీదా?" అన్నాను.

ఆమె తాళాలు చేతిలోకి తీసుకుంది. పెట్టె వెచ్చగానే ఉంది. మెల్లగా పాట ఎత్తుకున్నాను.