వలయాలు తుడిచే గోడెలీవ్

గెంట్ నగరంలోని ప్రయోగశాలలో గోడెలీవ్ కాఫీలో బిస్కెట్ ముంచి, అది మెత్తబడేలోగా తెరమీది ఎక్స్‌రే సీటీ స్కాన్ చిత్రంలో తప్పు పట్టేస్తుంది. యంత్రం లోపంవల్ల ఆ చిత్రాల్లో గుండ్రటి వలయాలు పడుతుంటాయి. వాటిని తుడిచేసే ప్రోగ్రాం ఆవిడ పదేళ్ల కష్టం. వలయం కనబడితే చాలు, కంట్లో నలుసు పడ్డట్టు మొహం చిట్లిస్తుంది. మొన్న కలప పరిశోధకుడు యోరిస్ ఇచ్చిన ఓక్ చెట్టు కొమ్మ చిత్రాన్ని అద్దంలా తుడిచి చూపించింది.

"ఎలా ఉందయ్యా?"

"అద్భుతంగా ఉంది గోడెలీవ్ గారూ. మరి నేను లెక్కపెట్టాల్సిన ఏళ్లేవండీ? కొమ్మలో ఏడాదికో వలయం ఉంటుంది కదా, అన్నీ ఊడ్చేశారే!"

బిస్కెట్ విరిగి కాఫీలో మునిగిపోయింది. ఆవిడ దాన్ని తీయలేదు. ప్రోగ్రాం తెరిచి, తుడిచే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి చేర్చింది: "ఇది ఒకప్పుడు ప్రాణంతో ఉండేదా?"