పీకడం మాత్రమే ఉచితం

గోదావరిఖని నుంచి మందమర్రి వెళ్లే బస్సులో నా పక్కన ఒక తల్లి, ఎనిమిదేళ్ల కూతురు కూర్చున్నారు. పాప బుగ్గ వాచి ఉంది. అప్పుడే పీకించిన దవడ పన్నును దూదిలో చుట్టి పిడికిట్లో పట్టుకుంది.

"అమ్మా, గిది మనింటి రేకుల మీద ఏస్తే కొత్తది వస్తది గదా?"

"వస్తది బిడ్డా. జర నోరు మూసుకో, దూది పడిపోతది" అంది తల్లి. పాప కిటికీ వైపు తిరిగాక నాతో మెల్లగా అంది: "రాదట చెల్లె. పాలపన్ను కాదని డాక్టరమ్మ చెప్పింది."

పుచ్చు నింపించి కాపాడవచ్చు కదా అని అడిగాను.

"ఈమె నాయనది బొగ్గుబాయిల కాంట్రాక్టు డ్యూటీ. కంపెనీ దవాఖాన పర్మినెంటోళ్ల పిల్లలకే. సర్కారు దవాఖానల మా రేషన్ కార్డుకు పీకుడు ఫ్రీ, నింపుడు లేదన్నరు." నా ముఖం చూసి, "లోపలి పన్నే గదా, నవ్వితే కనపడది" అని నన్నే సముదాయించింది.

నాకు సముదాయింపు అవసరం లేదు. ఒకే గనిలో దిగే ఇద్దరి పిల్లల్లో ఒకరి పన్ను కాపాడదగినదని, మరొకరిది పీకదగినదని ఎవరు నిర్ణయించారు? నింపితే నిలిచే పన్నును పీకడానికి మాత్రమే నిధులిచ్చి, దానిని ఉచిత వైద్యమని ఎలా పిలుస్తారు?

దిగేముందు పాప పిడికిలి విప్పి పన్నును చూసుకుంది. "కొత్తది ఎప్పుడొస్తదక్కా?" అని నన్ను అడిగింది. తల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చర్చా పోటీల్లో ఏ ప్రశ్ననూ జవాబు లేకుండా వదలని నేను ఆ తల్లి కోసం ఊరుకున్నాను. జవాబు చెప్పవలసినవారు ఆ బస్సు ఎక్కరు.